వార్ఫరిన్ మొదలుపెట్టిన నాలుగో రోజు తొడ మీద నీలం మచ్చ: రేపటిదాకా ఆగొద్దు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. అమ్మగారికి 48 ఏళ్లు. ఆపరేషన్ తర్వాత కాలి రక్తనాళంలో గడ్డ (డీవీటీ) ఉందని తేలితే ఆస్పత్రిలో గడ్డ పెరగకుండా పొట్టకు హెపారిన్ రకం ఇంజెక్షన్లు వేస్తూ, రక్తం పలచబడే వార్ఫరిన్ బిళ్లలు కూడా మొదలుపెట్టారు. మూడో రోజు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే పరీక్ష) 2.3 వచ్చింది కదా అని ఇంజెక్షన్లు ఆపి, బిళ్లలు రాసి ఇంటికి పంపారు. ఇవాళ నాలుగో రోజు. నిన్న సాయంత్రం నుంచి కుడి తొడ లోపలివైపు మంటతో కూడిన విపరీతమైన నొప్పి, పొద్దున లేచేసరికి అక్కడ అరచేయంత ఎర్రటి మచ్చ, మధ్యాహ్నానికి మచ్చ మధ్యలో నీలం రంగు. పక్కింటావిడ అక్కి అన్నారు, మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ ఇచ్చారు. రక్తం మరీ పలచబడిపోయిందేమో, ఈ రాత్రి బిళ్ల ఆపేసి ఒకటి రెండు రోజులు చూద్దామా అని మీరు అడుగుతున్నారు.

చూడొద్దండి. ఇప్పుడే తీసుకెళ్లండి. రేపు పొద్దున ఓపీకి కాదు, ఈ రాత్రే క్యాజువాలిటీకి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. కూకట్‌పల్లిలో మీ ఇంటి పక్కనున్న చిన్న క్లినిక్‌కి వెళ్లి టైమ్ పోగొట్టుకోకుండా, రాత్రిపూట కూడా ల్యాబ్, బ్లడ్ బ్యాంక్, సర్జన్ ఉండే పెద్ద ఆస్పత్రికి వెళ్లండి. నిమ్స్, గాంధీ, ఉస్మానియా, లేదా ఆ స్థాయి ప్రైవేటు ఆస్పత్రి, ఏదైనా పర్వాలేదు. ఈ రాత్రి బిళ్ల వేయకుండా చేత్తో పట్టుకెళ్లండి, చూసిన డాక్టరు చెప్తారు. కానీ బిళ్ల ఆపేసి ఇంట్లో కూర్చోవడం మాత్రం వద్దు, అది ఇంకో ప్రమాదం, ఎందుకో కింద రాస్తాను. మిగతాది ఆటోలో కూర్చుని చదువుకోవచ్చు.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, బిళ్లల అట్ట, ఇంజెక్షన్ పేరు రాసిన చీటీ, ఐఎన్ఆర్ రిపోర్టులు, ముఖ్యంగా ప్లేట్‌లెట్ కౌంట్ ఉన్న రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. మచ్చ అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి పక్కన టైమ్ రాయండి, ఫోటో తీయండి. రెండు గంటల తర్వాత గీత దాటిందో లేదో చూస్తే అది ఎంత వేగంగా పాకుతోందో డ్యూటీ డాక్టరుకు తెలుస్తుంది. క్యాజువాలిటీలో మొదటి మాటే ఇలా చెప్పండి: "డీవీటీకి వార్ఫరిన్ మొదలుపెట్టి నాలుగో రోజు, ఇంజెక్షన్ నిన్న ఆపారు, తొడలో విపరీతమైన నొప్పి, చర్మం నీలంగా మారుతోంది." ఊరికే మచ్చ వచ్చిందని చెప్తే స్కిన్ ఓపీకి రమ్మని తిప్పి పంపే ప్రమాదం ఉంది, అరుదైన సమస్య కదా, అందరికీ వెంటనే తట్టదు.

నేను హైదరాబాద్‌లోనే జనరల్ మెడిసిన్ డాక్టర్ని, రక్తం గడ్డల కేసులు చాలాకాలంగా చూస్తున్నాను. ఫోటో చూడకుండా, చూసినా సరే, ఇంత దూరం నుంచి ఇది ఫలానా అని తేల్చి చెప్పను. కానీ మీరు చెప్పిన రోజు, చోటు, నొప్పి, రంగు మారిన తీరు అన్నీ కలిపితే నాకు ముందు తట్టేది వార్ఫరిన్ వల్ల వచ్చే స్కిన్ నెక్రోసిస్, అంటే చర్మం, దాని కింది కొవ్వు చచ్చిపోవడం. చాలా అరుదు. వార్ఫరిన్ వాడే వెయ్యి మందిలో ఒకరికో, పది వేలమందిలో ఒకరికో వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. చాలామంది డాక్టర్లు సర్వీసు మొత్తంలో ఒక్క కేసు కూడా చూడరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

దీంట్లో అందరూ పొరబడే విషయం ఒకటుంది. మచ్చ నీలంగా, నల్లగా కనపడగానే రక్తం ఎక్కువ పలచబడి లోపల కారిందని అనుకుంటారు. ఇక్కడ జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. చర్మంలోని సన్నటి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టేసి, ఆ మేరకు చర్మానికి రక్తం అందక చచ్చిపోతుంది. రక్తం పలచబడటానికి ఇచ్చిన మందు మొదటి కొద్ది రోజులు గడ్డలు కట్టించడం ఏమిటని మీకు అనిపిస్తుంది. అది ఇలా జరుగుతుంది.

మన లివర్ విటమిన్ కె సాయంతో రెండు రకాల ప్రోటీన్లు తయారుచేస్తుంది. ఫ్యాక్టర్ 2, 7, 9, 10 రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్ ఆ గడ్డ అవసరానికి మించి పెరగకుండా అడ్డుకుంటాయి. వార్ఫరిన్, అలాగే మన దగ్గర గుండె పేషెంట్లు ఎక్కువగా వాడే ఎసిట్రోమ్, ఈ రెండు రకాల తయారీనీ ఒకేసారి ఆపేస్తాయి. తయారీ ఆగినా రక్తంలో అప్పటికే ఉన్న సరుకు అయిపోవడానికి టైమ్ పడుతుంది, అదీ ఒక్కోదానికి ఒక్కోలా. అపార్ట్‌మెంట్‌లో మోటారు చెడిపోయిన రోజు చిన్న ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది, పెద్ద ట్యాంకు మూడు రోజులు వస్తుంది కదా, అలాగే ఫ్యాక్టర్ 7 సగానికి తగ్గడానికి సుమారు 6 గంటలు, ప్రోటీన్ సి సగానికి తగ్గడానికి సుమారు 8 గంటలు చాలు. ఫ్యాక్టర్ 9కి ఒక రోజు పడుతుంది, ఫ్యాక్టర్ 10కి ఒకటిన్నర నుంచి రెండు రోజులు. గడ్డ కట్టడంలో అసలు బరువు మోసే ఫ్యాక్టర్ 2కి 60 నుంచి 72 గంటలు. అంటే మొదటి రోజుల్లో గడ్డను అడ్డుకునే ప్రోటీన్ సి దాదాపు ఖాళీ అయిపోతుంది, గడ్డకట్టించే ఫ్యాక్టర్ 2 మాత్రం ఇంకా నిండుగానే ఉంటుంది. ఆ మధ్య రోజుల్లో రక్తం మామూలుకంటే ఎక్కువగా గడ్డకట్టే స్థితిలో ఉంటుంది. చాలామందికి ఏమీ కాదు, కొందరికి మాత్రం చర్మం మీద పడుతుంది.

ఇక మూడో రోజు వచ్చిన ఐఎన్ఆర్ సంగతి. మొదట్లో ఐఎన్ఆర్ పెరిగేది ఎక్కువగా ఫ్యాక్టర్ 7 తగ్గడం వల్ల. కాబట్టి మూడో రోజు 2.3 అని రిపోర్టు వచ్చినా రక్తం నిజంగా రక్షణలోకి వచ్చినట్టు కాదు, కాగితం మీద వచ్చినట్టు. అందుకే డీవీటీలో హెపారిన్ రకం ఇంజెక్షనూ, వార్ఫరిన్ బిళ్లా కలిపి కనీసం 5 రోజులు ఇవ్వాలి, ఐఎన్ఆర్ 2 దాటి కనీసం 24 గంటలు నిలబడాలి, ఈ రెండూ జరిగాకే ఇంజెక్షన్ ఆపాలని నియమం. రెండింట్లో ఏది ఆలస్యమైతే దానికోసం ఆగాలి. అమ్మగారి విషయంలో ఇది తొందరగా ఆపినట్టు కనిపిస్తోంది. ఇంజెక్షన్ కొనసాగించి ఉంటే ఇది రాకుండా ఉండేదని ఖాయంగా అనలేం, హెపారిన్ మీద ఉండగా కూడా కొందరికి వస్తుంది, కానీ ఆ గండం బాగా తగ్గుతుంది. ఇంజెక్షన్ ఖర్చు ఎక్కువని, ఇంట్లో వేసేవాళ్లు లేరని ఒకటి రెండు రోజుల ముందే మానేసే కుటుంబాలను చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి. పొట్టకు వేసుకోవడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు, సిస్టర్‌ను అడిగితే నేర్పిస్తారు.

ఇది ఎవరికి వస్తుందంటే, మగవాళ్లకంటే ఆడవాళ్లకు చాలా ఎక్కువ, అందులోనూ నడివయసులో ఉండి కాస్త ఒళ్లున్నవాళ్లకు. ఎక్కువగా మందు మొదలైన మూడు నుంచి ఐదో రోజు మధ్య, దాదాపు అన్ని కేసులూ మొదటి పది రోజుల్లో. కొవ్వు ఎక్కువుండే చోట్ల: రొమ్ములు, తొడలు, పిరుదులు, పొట్ట. ముందు వచ్చేది నొప్పి, లేదా తిమ్మిరితో కూడిన మంట, అప్పటికి చర్మం మీద ఏమీ కనిపించకపోవచ్చు. తర్వాత ఎర్రదనం, గట్టిపడటం, కొన్ని గంటల నుంచి ఒక రోజులో నీలం, నలుపు, ఆ పైన రక్తం నిండిన బొబ్బలు, చివరికి నల్లటి తోలులాంటి పెచ్చు. మొదటి రోజే 10 మిల్లీగ్రాములో అంతకంటే ఎక్కువో ఇచ్చేసే పాత పద్ధతిలో ఇది ఎక్కువగా వచ్చేది, ఇప్పుడు మామూలుగా 5తోనో ఇంకా తక్కువతోనో మొదలుపెట్టడానికి ఇదీ ఒక కారణం.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక విషయం చెప్పాలి, నన్ను బాగా బాధపెట్టే విషయం. ఇది వచ్చే చోట్లు చూశారు కదా. రొమ్ములో, తొడ మొదట్లో, పిరుదు మీద నొప్పి వస్తే మన అమ్మలు, అత్తలు కొడుక్కి చెప్పరు, అల్లుడికి అసలే చెప్పరు, మగ డాక్టరైతే చీర పక్కకు జరపడానికి కూడా ఒప్పుకోరు. కోడలికి చెప్పేసరికి ఒక రోజు, కోడలు మొగుడికి చెప్పేసరికి ఇంకో రోజు అయిపోతుంది. ఈ జబ్బులో ఆ రెండు రోజులే చర్మాన్ని కాపాడుకునే రోజులు. అందుకే నేను వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ కొత్తగా మొదలుపెట్టే ఆడ పేషెంటును పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఒక ఆడమనిషి ముందే చెప్తాను, మొదటి పది రోజులు రోజూ స్నానం చేసేటప్పుడు ఈ నాలుగు చోట్లా చూసుకోండమ్మా, నొప్పి గానీ రంగు మార్పు గానీ ఉంటే సిగ్గుపడకుండా అదే రోజు ఫోన్ చేయండి అని. అమ్మగారికి కూడా మిగతా చోట్ల ఏమైనా ఉందేమో మీ చెల్లెలితోనో, పిన్నితోనో ఒకసారి చూపించండి. ఒకేసారి రెండు మూడు చోట్ల రావచ్చు.

మామూలు కమిలిన మచ్చకూ దీనికీ తేడా పోల్చుకోవచ్చు. రక్తం పలచబడే మందు మీద ఉన్నవాళ్లకు చిన్న దెబ్బకే కందిపోతుంది, పొట్ట మీద ఇంజెక్షన్ వేసిన చోట రూపాయి బిళ్లంత మచ్చలు మామూలే, అవి నొక్కితే కొంచెం నొప్పి, ఆ తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారి పోతాయి. అలర్జీ దద్దుర్లయితే దురద ఎక్కువ. నెక్రోసిస్‌లో నొప్పి మచ్చ సైజుకు పొంతన లేనంత ఎక్కువ, దెబ్బ తగిలిన జ్ఞాపకం ఉండదు, మచ్చ గంటగంటకూ ముదురుతుంది. అక్కి (డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అనేది) వస్తే ఒంటికి ఒకవైపే పట్టీలాగా నీటి పొక్కులు గుంపులుగా వస్తాయి. పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఈ పరిస్థితిలో అక్కి రాయించుకుని కూర్చుంటే పోయేది అమ్మగారి చర్మం. ఆయింట్‌మెంట్ వల్ల ఉపయోగం లేదు. కాపడం పెట్టొద్దు, ఐస్ పెట్టొద్దు, బొబ్బలు వస్తే చిదమొద్దు, నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మెడికల్ షాపులో కొని వేయొద్దు.

ఆస్పత్రిలో వాళ్లు మొదట చూడాల్సింది ప్లేట్‌లెట్ కౌంట్, మీరు కూడా అడగండి. కారణం ఏమిటంటే, చర్మం చచ్చిపోవడం హెపారిన్ ఇంజెక్షన్ వల్ల కూడా జరగొచ్చు, హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయి గడ్డలు కట్టే ఆ సమస్యను హిట్ (HIT) అంటారు. ఇది మామూలుగా హెపారిన్ మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య వస్తుంది, ప్లేట్‌లెట్లు సగానికో అంతకంటే కిందికో పడిపోతాయి, ఇంజెక్షన్ వేసిన చోటే చర్మం నల్లబడొచ్చు. ఆపరేషన్ సమయంలో కూడా హెపారిన్ ఇచ్చి ఉంటే రోజుల లెక్క అక్కడినుంచి వేయాలి, ఈ విషయం మర్చిపోకుండా చెప్పండి. రెండింటికీ వైద్యం వేరు. వార్ఫరిన్ నెక్రోసిస్ అయితే హెపారిన్ ఇవ్వాలి, హిట్ అయితే హెపారిన్ ఒక్క చుక్క కూడా లోపలికి వెళ్లకూడదు, సెలైన్ లైన్ కడగడానికి వాడేది కూడా వద్దు, అర్గాట్రోబాన్ లాంటి వేరే మందులు వాడతారు. హిట్ ఉన్నప్పుడు వార్ఫరిన్ కూడా ఇస్తే కాలి వేళ్లు, పాదం కుళ్లేదాకా పోవచ్చు. కాబట్టి ఈ ఒక్క రిపోర్టు చూడకుండా ఏ నిర్ణయమూ వద్దు.

వార్ఫరిన్ వల్లే అని తేలితే ఏం చేస్తారంటే, బిళ్ల ఆపేస్తారు, నరానికి విటమిన్ కె ఇస్తారు, హెపారిన్ మొదలుపెడతారు, ప్రోటీన్ సి త్వరగా పెరగడానికి ప్లాస్మా ఎక్కిస్తారు, దొరికితే ప్రోటీన్ సి మందు రూపంలోనే ఇస్తారు. హెపారిన్ అనగానే చాలామంది ఇంట్లోవాళ్లు అడ్డుపడతారు, ఒళ్లంతా నల్లబడుతుంటే మళ్లీ రక్తం పలచబడే మందా అని. ఇవ్వాలి. ఆ సన్నటి రక్తనాళాల్లో గడ్డలు ఆగాలన్నా, కాలిలో ఉన్న పెద్ద గడ్డ ఊపిరితిత్తులకు పోకుండా ఉండాలన్నా ఇవ్వాల్సిందే. బిళ్ల ఆపి ఇంట్లో ఉండొద్దని పైన అన్నది ఇందుకే. బిళ్ల ఆపేసి దాని బదులు ఇంకేమీ ఇవ్వకపోతే డీవీటీకి రక్షణ ఉండదు, గడ్డ ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. వైద్యం మొదలైనంత మాత్రాన మచ్చ అక్కడికక్కడే ఆగిపోతుందని కాదు, అప్పటికే రక్తం అందని చర్మం ముదిరి నల్లబడుతుంది. ఇంచుమించు సగం మందికి చచ్చిన చర్మాన్ని తీసేసే ఆపరేషన్ అవసరమవుతుంది, పెద్ద గాయమైతే వేరే చోటి చర్మం తెచ్చి అతికిస్తారు, అందుకే సర్జన్ ఉండే పెద్ద ఆస్పత్రి అన్నాను. గాయం మానడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. తొందరగా గుర్తిస్తే మచ్చ చిన్నదిగానే ఉండిపోవచ్చు, ఆపరేషన్ అక్కర్లేకుండా డ్రెస్సింగులతోనే మానవచ్చు. మీరు ఈ రాత్రి వెళ్తే అమ్మగారికి దక్కేది అదే.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. వార్ఫరిన్‌కు ముందు వాడిన డైకుమరాల్ ఇచ్చిన పేషెంటులో ఇలాంటి చర్మ నష్టాన్ని 1943లోనే రాశారు, 1954లో ఈ మందుల కుటుంబమే కారణమని గుర్తించారు. పుట్టుకతో ప్రోటీన్ సి తక్కువగా ఉండేవాళ్ల సంగతి 1981లో బయటపడ్డాక గానీ వెనకున్న కారణం స్పష్టంగా అర్థం కాలేదు.

ఎసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఇది చదివి టెన్షన్ పడి బిళ్ల మానేయకండి, మీకే చెప్తున్నాను. స్టీల్ వాల్వు వేయించుకున్నవాళ్లకు, కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండెలోని మైట్రల్ వాల్వు బాగా ఇరుకైనవాళ్లకు ఇప్పటికీ ఈ మందులే దిక్కు. వాల్వు ఉన్నవాళ్లలో కొత్త మందు డాబిగాట్రాన్‌ను పరీక్షిస్తే గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువై ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. వాల్వు ఉండి బిళ్ల మానేస్తే వాల్వే బిగుసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. నెక్రోసిస్ మొదటి రోజుల సమస్య, ఏళ్ల తరబడి వాడేవాళ్లది కాదు. మినహాయింపు ఒకటి ఉంది: పన్ను పీకించుకోవడానికో, ఊరెళ్లి మర్చిపోయో కొన్ని రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పోయిన డోసులన్నీ కలిపి ఒకేసారి వేసుకోకండి, డాక్టరు చెప్పిన డోసుతోనే మొదలుపెట్టండి. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ కూడా రక్తం పలచబడే మందులే అంటారు కానీ అవి పనిచేసే దారి వేరు, వాటితో ఈ ప్రోటీన్ సి గొడవ లేదు. గోంగూర, పాలకూర తిన్నా తినకపోయినా దీనికి సంబంధం లేదు, ఆకుకూరలు ఐఎన్ఆర్‌ను మారుస్తాయి కాబట్టి రోజూ ఇంచుమించు ఒకేలా తింటే సరిపోతుంది.

వారాల తర్వాత కాలి బొటనవేళ్లు ఊదా రంగులోకి మారి నొప్పి పుడితే అది వేరే సమస్య, రక్తనాళాల గోడల మీది కొలెస్ట్రాల్ ముక్కలు ఊడి వేళ్లలో ఇరుక్కోవడం వల్ల వస్తుంది. డయాలసిస్ మీద ఉండి వార్ఫరిన్ వాడేవాళ్లకు నెలలు, ఏళ్ల తర్వాత తొడల మీద, పొట్ట మీద నొప్పితో నల్లటి పుండ్లు వస్తే కాల్సిఫైలాక్సిస్ (చర్మంలోని సన్నటి రక్తనాళాల్లో కాల్షియం పేరుకుని మూసుకుపోవడం) అయ్యుండొచ్చు, కిడ్నీ డాక్టరుకు (నెఫ్రాలజిస్టుకు) అదే వారం కాదు, అదే రోజు చూపించాలి.

అమ్మగారు గండం గట్టెక్కాక డీవీటీకి మందు ఏదో ఒకటి కొనసాగాలి. ఇప్పుడు రివరాక్సబాన్, అపిక్సబాన్, డాబిగాట్రాన్ ఉన్నాయి, ఇవి విటమిన్ కె జోలికి పోవు, ప్రోటీన్ సిని తగ్గించవు, కాబట్టి కిడ్నీలు బాగుంటే చాలామంది డాక్టర్లు వాటికే మారుస్తారు. డిశ్చార్జి కాగితం మీద "వార్ఫరిన్ వల్ల స్కిన్ నెక్రోసిస్" అని స్పష్టంగా రాయించుకోండి, దాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టుకోండి. ఎప్పుడైనా తప్పనిసరిగా వార్ఫరిన్ వాడాల్సి వస్తే హెపారిన్ రక్షణలో, ఒకటి రెండు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుతారు, అది స్పెషలిస్టు పని.

ప్రోటీన్ సి, ఎస్ పరీక్షలు ఇప్పుడే చేయించమని ఎవరైనా అంటే డబ్బులు వృథా చేసుకోవద్దు. వార్ఫరిన్ మీద ఉండగా అవి ఎవరికైనా తక్కువే చూపిస్తాయి, తాజా గడ్డ ఉన్నప్పుడు కూడా తగ్గుతాయి. వార్ఫరిన్ ఆపాక కనీసం రెండు వారాలు, వీలైతే ఇంకాస్త ఆగి, రక్త జబ్బుల డాక్టరును (హెమటాలజిస్టును) అడిగి చేయించండి, ఆ సమయంలో వాడుతున్న కొత్త మందు కూడా కొన్ని పరీక్షలను తప్పుగా చూపించగలదు కాబట్టి దాని పేరు ల్యాబ్‌కు చెప్పండి. ప్రోటీన్ సి లోపం లేకుండా కూడా నెక్రోసిస్ వస్తుంది, కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చినా వార్ఫరిన్ మళ్లీ మామూలుగా వాడొచ్చని కాదు. నిజంగా లోపం తేలితే మీకూ, మీ చెల్లెలికీ కూడా ఆ లోపం వచ్చి ఉండటానికి చెరో సగం అవకాశం ఉంటుంది. అప్పుడు మీరిద్దరూ కూడా పరీక్ష చేయించుకోండి. మీ చెల్లెలు గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నా ఈ విషయం గైనకాలజిస్టుకు ముందే చెప్పాలి, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలూ, గర్భమూ, ముఖ్యంగా కాన్పు తర్వాతి ఆరు వారాలూ గడ్డలు కట్టే అవకాశాన్ని పెంచుతాయి.